మచ్చ ఇక్కడ, మూలం ఎక్కడ?

(రేడియో ప్రసంగ పాఠం)

ధ్యాన భాగము: లేవీయకాండము 14:33-48



ఈ దినం మీతో ఒక గోడను గూర్చి మాట్లాడాలని ఆశపడుతున్నాను. ఆశ్చర్యపోకండి. మీరు కూర్చున్న గదిని ఒకసారి పరకాయించి చూడండి. పైకప్పు మూలలో పసుపుపచ్చని మచ్చ ఉందా? గోడ అడుగున రంగు పెచ్చులుగా లేచి, చేత్తో రుద్దితే తెల్లని ఉప్పు పొడి రాలుతోందా? బీరువా జరిపితే వెనక నల్లని బూజు కనబడి, ముక్కిపోయిన వాసన వస్తోందా? అయితే ఈ మాటలు మీ కోసమే. అలాంటిదేమీ లేకపోయినా చివరివరకు చదవండి. గోడలో దాగిన నీటిని వెదకబోయి నేను నాలో దాగిన ఒక సంగతిని కనుగొన్నాను. అది చెప్పుకోవడానికి సిగ్గుపడవలసిన సంగతి. అయినా చెబుతాను.

1. మూడుసార్లు రంగు వేసిన గోడ

కొన్ని సంవత్సరాల క్రితం హైదరాబాదు పాతబస్తీలో పరిచర్య చేస్తున్న రోజుల్లో ఒక ఇరుకు గల్లీలో, షాబాదు బండలు పరిచిన పాత ఇంట్లో మేము అద్దెకు ఉండేవాళ్లం. పాతబస్తీ ఇళ్లు చూసినవారికి తెలుసు. మన గోడ, పక్కింటి గోడ అని వేరుగా ఉండవు. రెండిళ్లకు మధ్య ఒకటే ఉమ్మడి గోడ. అటువైపు తలుపు గట్టిగా వేస్తే ఇటువైపు అలమరలో గిన్నెలు మోగుతాయి. మా ముందు గదిలో ఆ ఉమ్మడి గోడమీద, నేలకు మూరెడెత్తున, పళ్లెమంత తడి మచ్చ ఒకటి కనబడింది.

క్రిస్మస్ దగ్గరపడుతోంది. సంఘస్థులు ఇంటికి వస్తారు, కేరల్స్ వాళ్లు వస్తారు. గోడ గీకించి, పుట్టీ పెట్టించి, రంగు వేయించాను. ఈస్టర్ నాటికి మచ్చ మళ్లీ వచ్చింది, ఈసారి చేటంత. మరుసటి క్రిస్మస్‌కు మళ్లీ రంగు వేయించాను. మచ్చ మళ్లీ వచ్చింది. మూడోసారి ఎవరో చెప్పగా, గోడ అడుగుభాగమంతా సిమెంటుతో గట్టిగా పూత పూయించాను. సిమెంటు పూసినంత మేర బాగానే ఉంది. దానికి పైన జానెడెత్తున కొత్త మచ్చ లేచింది!

యెహెజ్కేలు గ్రంథం 13వ అధ్యాయంలో ప్రవక్త ఇలాంటి మేస్త్రీలనే గద్దించాడు. బలహీనమైన గోడ కట్టి, పైన పూత పూసి, అంతా బాగానే ఉందని చెప్పేవారిని గూర్చి, వాన వచ్చినప్పుడు ఆ పూత సంగతి బయటపడుతుందని ఆయన హెచ్చరించాడు. ఆ వాక్యంపై నేను ఎన్నోసార్లు ప్రసంగించాను. నా ఇంట్లోనే ఆ పూత ఉందని గ్రహించలేదు.

అప్పుడు నా మనసు పక్కింటిమీదికి పోయింది. ఆ గోడకు అటువైపు వాళ్ల స్నానాలగది ఉంది. ఇంకేముంది, వాళ్ల నీళ్లే అనుకున్నాను. నా భార్య మాత్రం, "ఏవండీ, వాళ్లు పెళ్లికి ఊరెళ్లి పది రోజులు లేనప్పుడు కూడా గోడ తడిగానే ఉంది. ముందు మన పైపులు చూపిద్దాం" అంది. నేను వినలేదు. ఒక సాయంత్రం వెళ్లి చెప్పాను. మర్యాదగానే చెప్పాననుకున్నాను. మాటలు మర్యాదగా ఉన్నాయి గాని గొంతు మర్యాదగా లేదని తర్వాత ఆమే చెప్పింది.

పక్కింటి పెద్దాయన ముసల్మాను సోదరుడు, వయసులో నాకంటె పెద్ద. ఆయన మాట పెంచలేదు. "పాస్టర్ సాబ్, మా నీళ్లే అయితే తప్పు మాదే. ఒక వారం ఈ స్నానాలగదికి తాళం వేస్తాం, నల్లా బంద్ చేస్తాం. ఇంటిల్లిపాదీ వెనకాలది వాడుకుంటాం. వారం అయినాక మీ గోడ చూద్దాం" అన్నాడు. మచ్చ చుట్టూ పెన్సిలుతో గీత గీయమని కూడా ఆయనే చెప్పాడు.

ఏడు దినములు గడిచాయి. నానిన గోడ వారం రోజుల్లో ఆరిపోదు, నిజమే. కాని వచ్చే నీరు ఆగితే మచ్చ పెరగకూడదు గదా. మా గోడమీది మచ్చ ఆ గీత దాటి రెండు వేళ్ల మేర పెరిగింది.

2. యాజకుడు ముందు ఏమి చేశాడు?

ఆ రాత్రి నాకు లేవీయకాండము 14వ అధ్యాయం జ్ఞాపకం వచ్చింది. సెమినరీలో చదువుకునే రోజుల్లో ఈ భాగాన్ని త్వరగా దాటిపోయేవాళ్లం. ఇంటి గోడకు కుష్ఠుపొడ ఏమిటి అనుకునేవాళ్లం. మళ్లీ నిదానంగా చదివి చూశాను. గోడలో పచ్చగానో ఎర్రగానో చారలు కనబడి, అవి గోడ పైభాగంకంటె లోతుగా ఉన్నట్లయితే ఏమి చేయాలో అక్కడ వరుసగా ఉంది. చెమ్మపట్టి బూజెక్కిన గోడను చూసిన ఎవరికైనా ఆ వర్ణన కొత్తగా అనిపించదు.

ఆ వరుస గమనించండి. మొదట ఇంటి యజమానుడు తానే యాజకుని దగ్గరకు వెళ్లి, నా ఇంట్లో ఇలాంటిదేదో కనబడుతోందని చెప్పాలి. పొరుగువాడి ఇంటిని గూర్చి కాదు, తన ఇంటిని గూర్చి. తర్వాత సామాను బయటపెట్టి ఇల్లు ఖాళీ చేయాలి. అప్పుడు యాజకుడు లోపలికి వచ్చి చూస్తాడు. చూసిన వెంటనే కూలగొట్టమనడు, పూత పూయమనడు. ఇల్లు ఏడు దినములు మూసి ఉంచి, ఏడవ దినమున మళ్లీ వచ్చి చూస్తాడు. పొడ వ్యాపించినట్లయితే, అప్పుడు ఆ రాళ్లు ఊడదీసి, లోపలి గోడలు గీకించి, వేరే రాళ్లు పెట్టి కొత్త అడుసు పూయిస్తారు. ఆ తర్వాత కూడా మరల చూడాలి. పొడ తిరిగి రాకపోతేనే ఇల్లు పవిత్రమని చెప్పాలి.

అంటే, ఒప్పుకోవడం, ఖాళీ చేయడం, చూడడం, ఆగడం, మళ్లీ చూడడం, తర్వాతే గీకడం, అన్నిటికంటె చివర పూయడం. నేను ఆ చివరిదానితో మొదలుపెట్టాను. పక్కింటి పెద్దాయన లేవీయకాండము చదివాడో లేదో నాకు తెలియదు గాని, ఏడు దినములు మూసి ఉంచి మళ్లీ చూద్దామన్నది ఆయనే!

3. నీటిని ఎలా వెదకాలి?

ప్రియ చదువరీ, ఇప్పుడు కొంచెం పనికి సంబంధించిన మాటలు చెబుతాను. ఇవి మాకు ఒక అనుభవంగల ప్లంబర్ నేర్పినవి. మీ ఇంట్లో ఉపయోగపడతాయి.

మొదటి పాఠం ఏమిటంటే, మచ్చ ఉన్నచోటే మూలం ఉండదు. నీరు పల్లానికి పోతుంది, సందు దొరికినచోట పోతుంది. శ్లాబులోని కరెంటు పైపు వెంబడి, దూలం వెంబడి, బండల కింది ఇసుకలోంచి చాలా దూరం నడిచి, ఎక్కడ దారి దొరికితే అక్కడ బయటపడుతుంది. కాబట్టి మచ్చ దగ్గర సుత్తి పట్టకముందు కొన్ని ప్రశ్నలు వేసుకోండి.

ఎప్పుడు తడుస్తోంది? వానాకాలంలోనే అయితే పైన మిద్దెను, బయటి గోడ పగుళ్లను, కిటికీ అంచులను, వాన నీటి గొట్టాలను చూడండి. స్నానాలు అయిన తర్వాత, బట్టలు ఉతికిన తర్వాత పెరుగుతుంటే స్నానాలగది నహానీ ట్రాపును, మురుగు పైపును, టైల్స్ సందులను అనుమానించండి. వానలేని మే నెలలోనూ, రాత్రీ పగలూ ఒకేలా తడిగా ఉంటే ఎప్పుడూ నీరు నిండి ఉండే పైపులోనే లోపం ఉండవచ్చు. గోడ అడుగునుంచి రెండుమూడు అడుగుల ఎత్తువరకు ఒకే తీరుగా, ఇంటి చుట్టూ చెమ్మ ఉండి ఉప్పు పొంగుతుంటే అది భూమిలోనుంచి గోడ పీల్చుకుంటున్న చెమ్మ కావచ్చు.

ఆ చెమ్మ గోడలోనిదా, గాలిలోనిదా? ఒక ప్లాస్టిక్ కాగితం ముక్కను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒకటి రెండు రోజులు ఉంచండి. కాగితానికి లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బిందువులు పడితే తడి గోడలోనుంచి వస్తోంది. బయటివైపు పడితే గాలి ఆడని గదిలోని ఆవిరి చల్లని గోడకు తగిలి నీరవుతోంది. అలాంటప్పుడు కిటికీ తెరవడమే మందు.

స్నానాలగదిమీద అనుమానం ఉంటే, తూముకు గుడ్డ కట్టి, నేలమీద అంగుళంన్నర నీరు నిలబెట్టి, మట్టం గుర్తుపెట్టి, ఒక దినమంతా వదిలేయండి. ఆ నీటిలో కాస్త రంగు కలిపితే కింద ఎక్కడ దిగుతుందో తెలుస్తుంది. మిద్దెమీదనైతే చిన్న గట్లు కట్టి, ఒక్కొక్క మడిలో ఒక్కొక్కసారి నీరు నిలిపి చూడాలి. అన్ని చోట్లా ఒకేసారి పరీక్షిస్తే ఏది దోషియో తెలియదు. ఈ రోజుల్లో థర్మల్ కెమెరాలు కూడా వచ్చాయి. అయితే ఆ కెమెరా నీటిని చూడదు, గోడలో చల్లగా ఉన్న చోటును మాత్రమే చూపుతుంది. అది నీరా కాదా అని మనిషే తేల్చాలి.

ఇంకో జాగ్రత్త. తడి మచ్చ స్విచ్ బోర్డు దగ్గర ఉంటే వెదకడం తర్వాత, ముందు మెయిన్ కట్టేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మా ఇంట్లో ఏమైందో వినండి. మిద్దెమీద మాకు 500 లీటర్ల ట్యాంకు ఉండేది. ఒక రాత్రి అందరూ పడుకోబోయేముందు నల్లాలన్నీ కట్టేసి, మోటారు వేయకుండా, ట్యాంకులోకి కర్ర దించి తడి ఎంతవరకు వచ్చిందో గీత గీశాను. తెల్లవారి చూస్తే నీటిమట్టం ఒక వేలు మందం దిగింది. చూడటానికి కొంచెమే. లెక్క వేస్తే సుమారు 10 లీటర్లు! రెండో రాత్రి ట్యాంకు కిందనున్న వాల్వు కట్టేశాం. మట్టం దిగలేదు. అంటే ట్యాంకు మంచిదే, కారేది పైపులో. మూడో రాత్రి ఆ వాల్వు తెరిచి, స్నానాలగదికి వెళ్లే పైపు ఒక్కటి కట్టేశాం. మట్టం మళ్లీ దిగింది. నాలుగో రాత్రి వంటగది పైపు కట్టేశాం. దిగలేదు.

వంటగది! ఆ గోడకు పన్నెండు అడుగుల దూరం. ప్లంబర్ సింకు దగ్గర రెండు షాబాదు బండలు లేపాడు. కింద ఇసుక బురదగా ఉంది. ఇనుప పైపు వంపు దగ్గర తుప్పు పట్టి, సూది బెజ్జమంత రంధ్రం పడింది. అందులోంచి చిమ్మిన నీరు బండల కింద ఇసుకలో ఎవరికీ కనబడకుండా వాలువైపు నడిచి, ఉమ్మడి గోడ పునాదిని చేరి, అక్కడ గోడ పీల్చుకుని పైకెక్కింది.

నేను పూయించిన సిమెంటు ఎందుకు పనికిరాలేదో కూడా అప్పుడే తెలిసింది. పాత ఇళ్ల గోడలు డంగు సున్నంతో కట్టినవి. సున్నం తడిని పీల్చుకున్నా మళ్లీ గాలికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. అప్పుడు అది ఇంకా పైకి ఎక్కుతుంది, లేదా అవతలి వైపుకు పోతుంది.

అవతలి వైపుకు. ఈ మాట జ్ఞాపకం ఉంచుకోండి.

4. చిన్న చుక్క, పెద్ద నష్టం

చిన్నదే గదా అని అనుకోవద్దు. ఒక చుక్కను మిల్లీలీటరులో ఇరవయ్యో వంతు అనుకుంటే, సెకనుకు ఒక చుక్క చొప్పున రోజుకు 4 లీటర్లకు పైగా, సంవత్సరానికి 1,500 లీటర్లకు పైగా కారిపోతుంది. రోజు విడిచి రోజు నల్లా వచ్చే వీధుల్లో బిందె పట్టుకుని నిలబడిన తల్లులకు ఆ నీటి విలువ తెలుసు.

చార్మినారు పక్కనున్న మక్కా మసీదును చూడండి. 1617లో కుతుబ్‌షాహీల కాలంలో మొదలై, 1694లో ఔరంగజేబు కాలంలో పూర్తయిన కట్టడం. అంత రాతి కట్టడానికీ పైకప్పులోంచి వాన నీరు దిగడం తప్పలేదు. 2017లో ప్రభుత్వం 8 కోట్ల రూపాయలకు పైగా వ్యయంతో మరమ్మతులు మొదలుపెట్టింది. అక్కడ లోపలి మచ్చలమీద సున్నం వేస్తే సరిపోయేది కాదు. పైకెక్కి, పాత గచ్చు పొరలను తీసి పని చేయవలసి వచ్చింది. నాలుగు వందల ఏళ్ల కట్టడానికైనా నాలుగు గదుల ఇంటికైనా నియమం ఒకటే: నీరు ఎక్కడ లోపలికి వస్తోందో అక్కడికి వెళ్లాలి.

నానిన గోడ బరువెక్కుతుంది, దాని పట్టు సడలుతుంది. 2020 అక్టోబరు 13 రాత్రి కురిసిన కుండపోత వానకు బండ్లగూడ ప్రాంతంలో గోడ కూలి పక్క ఇళ్లమీద పడి, నిద్రపోయే వేళ పలువురు ప్రాణాలు కోల్పోయిన సంగతి మన నగరం మరువలేదు. కూలని గోడ కూడా హాని చేస్తుంది. చెమ్మ, బూజు ఉన్న ఇళ్లలో దగ్గు, ఉబ్బసం వంటి శ్వాసకోశ బాధలు ఎక్కువగా ఉంటాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో దీనిమీదనే ప్రత్యేకంగా మార్గదర్శకాలు ప్రచురించింది.

5. ఆ గోడకు అవతల

ప్రియులారా, ఇప్పుడు నేను సిగ్గుపడే సంగతికి వచ్చాను.

బండలు లేపిన రోజు సాయంత్రం పక్కింటికి వెళ్లాను. "భాయ్ సాబ్, నీళ్లు మావే. నన్ను క్షమించండి" అన్నాను. ఆయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, నేను ఎన్నడూ చూడని ఒక లోపలి గదికి తీసుకువెళ్లాడు. స్నానాలగది పక్కన అదే ఉమ్మడి గోడకు ఆనుకుని ఉన్న చిన్న గది. గోడ నడుము ఎత్తువరకు నల్లగా బూజెక్కి ఉంది. ఆ గోడకు ఆనించి ఒక మంచం. మంచంమీద ఆయన వృద్ధురాలైన తల్లి. రెండు చలికాలాలుగా ఆమెకు దగ్గు.

"నేల చెమ్మ అనుకున్నాం పాస్టర్ సాబ్. ఒకవేళ మీ వైపునుంచి వస్తోందేమో అని మా వాళ్లు అన్నారు. మీరు దేవుని పని చేసే మనిషి. ఈ చిన్నదానికి మీ తలుపు తట్టడమెందుకని నేనే ఆపాను" అన్నాడు.

నా గోడమీద పళ్లెమంత మచ్చకు నేను ఆయన తలుపు తట్టాను. ఆయన తల్లి మంచం పక్కన నడుమెత్తు చెమ్మకు ఆయన నా తలుపు తట్టలేదు. సహోదరుని కంటిలోని నలుసును చూసి తన కంటిలోని దూలాన్ని చూడనివాని గూర్చి ప్రభువు చెప్పిన మాట, మత్తయి 7వ అధ్యాయంలోనిది, ఆ గదిలో నిలబడి ఉండగా నాకు అర్థమైంది.

ఆ రాత్రే ఆమె మంచాన్ని ముందు గదిలోకి మార్చాం. పైపు మార్పించాం. రెండు వైపులా సిమెంటు, పాత పూత గీకించి, గోడను ఆరనిచ్చాం. వానలు పోయి, చలి పోయి, ఎండలు వచ్చేవరకు ఆగి, అప్పుడు సున్నం వేయించాం. అటువైపు ఖర్చు కూడా నేనే పెట్టుకుంటానని పట్టుబట్టాను. క్షమించండి అన్నంత మాత్రాన గోడ ఆరదు గదా. జక్కయ్య కూడా మాటతో సరిపెట్టలేదు, తీసుకున్నది తిరిగి ఇచ్చాడు.

ఆ తల్లి ఇప్పుడు లేదు. ఆమె దగ్గు ఆ గోడవల్లనే వచ్చిందని నేను చెప్పలేను. కాదని కూడా చెప్పలేను. ఆ మొదటి క్రిస్మస్‌కు ముందే, ఒక కర్ర, ఒక పెన్సిలు తీసుకుని మిద్దె ఎక్కి ఉంటే ఆమె మంచం రెండు చలికాలాలు ముందుగా ఆ గదినుంచి కదిలేది. ఈ సంగతి మాత్రం నాకు తెలుసు.

ప్రియ చదువరీ, మీ ఇంట్లో మచ్చ ఎక్కడుంది? గోడమీదే ఉందా? భార్యాభర్తల మధ్య చీటికిమాటికి వచ్చే కోపంలో ఉందా? ఎదిగిన కుమారుడు మీతో మాట్లాడకపోవడంలో ఉందా? సంఘంలో ఏటేటా రేగే తగవులో ఉందా? పైన ఎన్నిసార్లు పూత పూశారు? పండుగకు కొత్త బట్టలు కట్టుకుని, అందరిముందు చిరునవ్వు నవ్వి, తిరిగి ఇంటికి రాగానే మచ్చ మళ్లీ కనబడుతోందా? మీరు ఎవరి తలుపు తట్టి నిందించారో జ్ఞాపకం చేసుకోండి. కోపం పైకి లేచిన చోటే దాని మూలం ఉండకపోవచ్చు. పన్నెండు అడుగుల దూరంలో, పన్నెండేళ్ల క్రితం, ఎవరూ చూడని చోట సూది బెజ్జమంత రంధ్రం ఒకటి ఉండవచ్చు.

తనకు తెలియక తనలో దాగిన దోషాలనుండి తనను విడిపించమని దావీదు 19వ కీర్తనలో వేడుకున్నాడు. తనను పరిశోధించమని 139వ కీర్తనలో దేవుని బతిమాలుకున్నాడు. ముందు నన్ను చూడు అన్నాడు గాని నా పొరుగువాని ఇల్లు చూడు అనలేదు.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. ఒక రాత్రి మీ ఇంటి నల్లాలన్నీ కట్టేసి, ట్యాంకులో నీటి మట్టం గుర్తుపెట్టి పడుకోండి. ఉదయం లేచి చూడండి. ఆ రాత్రే, పడుకునేముందు, మీరు నింద మోపిన ఒక మనిషి పేరు తలచుకుని, ఈ విషయంలో నా వైపునుంచి ఏమైనా కారుతోందా అని దేవుని సన్నిధిలో అడగండి. మరునాడు అవసరమైతే ఆ తలుపు తట్టండి. ఈసారి నిందించడానికి కాదు, ఒప్పుకోవడానికి.

ప్రార్థన చేద్దాం.

పరిశుద్ధుడవైన తండ్రీ, మా కన్నులకు మరుగైనవి నీకు మరుగు కావు. పూత పూసి సరిపెట్టుకునే మా అలవాటును క్షమించుము. మా ఇంటినుండి పొరుగువారి ఇంటిలోనికి మాకు తెలియకుండ పోవుచున్న హానిని మాకు చూపించుము. చూపినప్పుడు ఒప్పుకొను ధైర్యమును, సరిచేయు మనసును, ఆరువరకు కనిపెట్టు ఓర్పును దయచేయుము. చెమ్మ గదులలో దగ్గుతూ మంచాన ఉన్నవారిని ఆదరించుము. యేసు నామమున వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్.